ఎత్తెక్కితే మరిగే బండి

లారీ కదిలితే చాలు, దాంతో పాటు డ్రైవర్ నోరు కూడా కదిలేది. అందుకే లోడింగ్ దగ్గర కాటా వేసేవాడి నుంచి టీ పోసేవాడి దాకా అందరూ అతన్ని రేడియో అనేవారు. అసలు పేరు లైసెన్సు మీద ఉండేది, దాంతో ఎవరికీ పనిపడేది కాదు. టైర్ల సంగతి, పక్కింటివాళ్ళ కుక్క సంగతి, ఎప్పుడో వానలో దిగబడిన లోడు సంగతి, ఏదో ఒకటి. పక్క సీట్లో మనిషి ఉన్నా సరే, లేకపోయినా సరే. ఈ మధ్య ఆ వాగుడు మరీ ముదిరింది. వయసు మీద పడేకొద్దీ చాదస్తం కదా అని జనం సరిపెట్టుకున్నారు. చాదస్తమూ కాదు, పాడూ కాదు. మాట్లాడుతున్నంతసేపూ మనిషికి వినాల్సిన పని ఉండదు. అదీ అసలు కిటుకు.

రేడియోకి చెవులు పోతున్నాయి.

ఒక్కరోజులో పోలేదు లెండి. మొదట ఇండికేటర్ టిక్కుటిక్కుమనడం పోయింది. బల్బు వెలుగుతోంది కదా, చాల్లే అనుకున్నాడు. తర్వాత వంటింట్లోంచి భార్య పిలిచే పిలుపు పోయింది. నిజం చెప్పాలంటే దానికి మొదట్లో పెద్దగా బెంగపెట్టుకోలేదు. ఆ తర్వాత ఫోన్లో మనుషుల మాటలు నీళ్ళలోంచి వస్తున్నట్టు అయ్యాయి. స్పీకర్ పెట్టాడు. స్పీకరూ చాలలేదు. అప్పుడు పట్టుకుంది భయం.

భార్య ఊరుకునే మనిషి కాదు. చెవి డాక్టర్ దగ్గరికి పోదాం పద అంది. "గుబిలి పట్టింది, అంతే" అన్నాడు. గుబిలైతే ఇన్నాళ్ళకు కరిగేది, నాటకాలాడకు, పద అంది. పద అంటే ఎక్కడికి? డాక్టర్ ఓ ముక్క రాస్తాడు, ఆ ముక్క లైసెన్సు ఆఫీసు దాకా పోతుంది, వాళ్ళు బండి దిగమంటారు. "స్టీరింగ్ లేకపోతే నేనెవర్నే?" అని అడిగాడు. ఆ అడగడంలో అతని మొహం చూసి ఆవిడ ఆ ఊసు వదిలేసింది. "నీ తమ్ముడికి మాత్రం చెప్పకు" అని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆ తమ్ముడు లారీ షెడ్డు మేస్త్రి. రేడియో నడిపే లారీ ఓనరమ్మది, ఆవిడ బండ్లన్నీ ఈ తమ్ముడి షెడ్డుకే వస్తాయి. పైగా అతని నోట్లో నువ్వుగింజ నానదు.

అద్దాలున్నాయి, కళ్ళున్నాయి, ఇన్నేళ్ళ చెయ్యి ఉంది అని ధైర్యం చెప్పుకుంటూ నడిపాడు. ఇంజన్ సంగతి పాదంతో తెలుసుకునేవాడు, గేరు సంగతి అరచేత్తో. మనుషుల మాటలు పెదవుల మీద సగం చదివేవాడు, మిగతా సగం ఊహించేవాడు. ఇలాగే గుట్టుగా నడిచిపోయేదేమో, లారీ మరగడం మొదలుపెట్టకపోతే.

చదును రోడ్డు మీద బండి బంగారం. ఖాళీగా కొండెక్కినా బంగారమే. నిండు లోడుతో కొండరోడ్డు పట్టుకుంటే మాత్రం సగం ఎత్తుకు వచ్చేసరికి వేడి చూపే గేజి ముల్లు ఎర్రగీత వైపు పాకేది. ఇంకాస్త లాగితే నీళ్ళు మరిగి ఆవిరి చిమ్మేది. రేడియో బండి పక్కకు తీసి, ఇంజన్ చల్లారేదాకా రాయి మీద కూర్చుని, నీళ్ళు పోసి మళ్ళీ బయల్దేరేవాడు. అవతల సరుకు దించేవాళ్ళు ఓనరమ్మకు ఫోన్ చేసి చివాట్లు పెట్టేవాళ్ళు.

బావమరిది పనిలో తక్కువవాడేం కాదు. బండి వచ్చిన ప్రతిసారీ దేన్నో ఒకదాన్ని పట్టుకున్నాడు. ముందు రేడియేటర్ మూత మార్చాడు. మళ్ళీ మరిగింది. థర్మోస్టాట్ మార్చాడు. మరిగింది. రేడియేటర్ దింపి లోపలి బురదంతా కడిగించాడు, వాటర్ పంపు కొత్తది వేశాడు. అయినా మరిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వచ్చిందని ఒళ్ళు మండిపోయింది అతనికి.

"ఫ్యాను ఏమైనా తేడా చేస్తోందేమో" అని మొదట్లోనే అనుమానం వచ్చింది. రావాలి కూడా. లారీ ఫ్యాను ఇంట్లో ఫ్యాను లాంటిది కాదు, ఎప్పుడూ ఒకే ఊపున తిరగదు. నీళ్ళు చల్లగా ఉన్నంతసేపూ ఊరికే అలా సోమరిగా తిరుగుతుంది. నీళ్ళు వేడెక్కితే కరెంటు వైరు ద్వారా ఫ్యాను క్లచ్‌కి కబురు వస్తుంది, క్లచ్ పట్టుకుంటుంది, అప్పుడు ఇంజన్‌తో సమానంగా తిరుగుతుంది. ఆ మోతకు క్యాబిన్‌లో పక్కవాడి మాట వినపడదు. డ్రైవర్లకు ఆ మోత వింటే ప్రాణం కుదుటపడుతుంది. ఎత్తు మీద అది మోగిందంటే బండికి గాలి ఆడుతున్నట్టే.

అందుకని మేస్త్రి షెడ్డులో క్యాబిన్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా ఇంజన్ దగ్గరి మీటతో రేజ్ చేశాడు. నీళ్ళు కాగాయో లేదో, ఫ్యాను క్లచ్ టక్కున పట్టుకుని, షెడ్డులో పేరుకున్న దుమ్మంతా లేపింది. మేస్త్రి మొహం మీద కొట్టిన గాలికి టోపీ ఎగిరి వెనక్కి పోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

"షెడ్డులో బ్రహ్మాండంగా ఉంది. మరి ఎత్తు మీద మోగిందా బావా?" అని అడిగాడు, రేడియోకి ఎదురుగా నిలబడి.

రేడియో కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యాడు. మోగిందో లేదో అతనికేం తెలుసు? అతనికి ఎత్తు మీద ఇంజనూ, గాలీ, టైర్లూ అన్నీ కలిసి ఒకే హోరు. తెలియదు అంటే, తెలియకపోవడమేంటి, బండంతా దద్దరిల్లే మోత తెలియకపోవడమేంటి అంటాడు. వెంటనే గుట్టు రట్టవుతుంది.

"మోగింది. మోగకేం? గుర్రుమని మోగింది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో మేస్త్రి ఫ్యాను సంగతి వదిలేశాడు. షెడ్డులో తన కళ్ళతో చూశాడు, ఎత్తు మీద బావ చెవులతో విన్నాడు. ఇంకేం కావాలి? తర్వాత ఎన్నిసార్లు బండి వచ్చినా అదే ప్రశ్న, అదే జవాబు. ఒకసారి విసుగొచ్చి, "నిన్ను అడగడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు" అన్నాడు కూడా. ఊరికే అన్న మాటే. రేడియో మాత్రం అప్పటికప్పుడు టైర్ల సంగతి ఎత్తుకున్నాడు.

ఆ వారం ఓనరమ్మే షెడ్డుకు వచ్చింది. ఆవిడకు నోరు తక్కువ, చూపు ఎక్కువ. ఎత్తి ఉన్న క్యాబిన్ కిందకి తొంగి చూసింది, కొత్త పంపు చూసింది, కడిగించిన రేడియేటర్ చూసింది. తర్వాత రేడియో వైపు తిరిగింది.

"అన్నీ మార్చాం కదయ్యా. ఇంక మార్చనిది ఒక్కటే, డ్రైవరు."

ఆ మాట పెదవుల మీద స్పష్టంగానే చదివాడు రేడియో. వేరే మాట అయితే బాగుండునని మళ్ళీ ఆవిడ మొహంలోకి చూశాడు.

మేస్త్రికి ఉక్రోషం వచ్చింది. "అమ్మగారూ, మా బావకు గేర్లు వేయడం రాదంటారా? ఈ బండి కొన్నప్పట్నుంచీ నడుపుతున్నాడు."

"నేనేమీ అనట్లేదు. ఆడలేక మద్దెల ఓడు అని సరుకువాళ్ళు అంటున్నారు. ఈ లోడు టైల్సు. ఇది కూడా ఎత్తు మీద ఆగితే బండి ఇంకొకరికి ఇచ్చి చూస్తాను. అతనికీ మరిగితే అప్పుడు బండి తప్పు అనుకుంటాను."

"అయితే ఈ లోడుకి నేనూ వెళ్తాను. ఎత్తు మీద నా చెవులతో నేనే వింటాను" అన్నాడు మేస్త్రి.

ఓనరమ్మ సరేనని వెళ్ళిపోయింది. బావమరిది రేడియో మీద ప్రేమతోనే ఆ మాట అన్నాడు, ఆ ప్రేమే కొంప ముంచేలా ఉంది. నిజం చెబితే బండి బాగవుతుంది, బండిలో తను ఉండడు. చెప్పకపోతే బండి బాగవదు, అప్పుడూ తను ఉండడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ మధ్యలో నిలబడి బావమరిదికి టీ చెప్పాడు.

మర్నాడు పొద్దున టైల్సు ఎక్కించుకుని బయల్దేరారు. మేస్త్రి పనిముట్ల సంచీ, నల్ల టేపూ, వాళ్ళక్క కట్టిచ్చిన అన్నం క్యారేజీ కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. రేడియో గేటు దాటకముందే మొదలుపెట్టాడు. కొత్త టైర్ల రబ్బరు ఎలా ఉంటోందో, పాత రోజుల్లో ఎలా ఉండేదో, పక్కింటి కుక్క ఎవర్ని కరిచిందో, ఎవర్ని కరవకుండా వదిలేసిందో. మేస్త్రి నవ్వుతూ విన్నాడు, తర్వాత నవ్వకుండా విన్నాడు, తర్వాత అతని భుజం తట్టాడు.

"బావా, కాసేపు ఆ నోటికి సెలవివ్వు. ఇంజన్ మాట వినాలి."

రేడియో నోరు మూసుకున్నాడు. తన లారీలో తను నోరు మూసుకుని కూర్చోవడం అతనికి ఎప్పుడూ లేదు. చేతులకు చెమట పట్టింది. ప్యాంటుకు ఒకటి తుడుచుకుని, రెండోది తుడుచుకుని, మళ్ళీ మొదటిది తుడుచుకున్నాడు.

ఎత్తు మొదలైంది. రెండు గేర్లు తగ్గించాడు. బండి బరువుగా, ఒళ్ళంతా వణుక్కుంటూ ఎక్కుతోంది. ఒక మలుపు, ఇంకో మలుపు. ముల్లు మధ్యలోంచి కదిలింది. మేస్త్రి కిటికీ అద్దం దించి, తల సగం బయటపెట్టి కూర్చున్నాడు. ముల్లు ఫ్యాను పట్టుకోవాల్సిన చోటికి వచ్చింది. దాటింది. రేడియో ముల్లు వైపు చూస్తున్నాడు, మేస్త్రి తల బయట పెట్టే ఉన్నాడు.

కాసేపటికి మేస్త్రి తల లోపలికి తీశాడు. కనుబొమ్మలు ముడిపడి ఉన్నాయి. "మోగుతోందా?" అన్నాడు, రేడియో కళ్ళలోకి చూస్తూ.

ముల్లు ఆ చోటు దాటింది కాబట్టి ఈపాటికి మోగుతూనే ఉండాలి. రేడియో లెక్క అది. పైగా ఇన్నాళ్ళూ చెప్పిన మాట.

"అదుగో, మోగుతోంది కదా. నీకు వినపడట్లేదా?"

ఫ్యాను మోగడం లేదు. ఇంజన్ రొదా, వెనకెవరో దారి కోసం కొడుతున్న హారనూ తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ మాత్రం తేడా షెడ్డు బయట టైర్లకు గాలి కొట్టేవాడు కూడా చెప్పగలడు. బావ మొహంలో అబద్ధమాడుతున్నట్టు ఏమీ లేదు, నమ్ముతున్నట్టే ఉంది. మేస్త్రి మెల్లగా మొహం కిటికీ వైపు తిప్పుకుని, మామూలు గొంతుతో, "బావా, బండి ఆపు" అన్నాడు.

బండి ఆగలేదు. "బావా" అని ఇంకోసారి, కాస్త గట్టిగా. రేడియో ముల్లు వైపు చూస్తూ, నుదురు తుడుచుకుంటూ నడుపుతున్నాడు.

ముల్లు ఎర్రగీతకు చేరువైంది. మేస్త్రి చెప్పకుండానే రేడియో రోడ్డు అంచు వైపు, కాస్త వెడల్పుగా ఉన్న చోటు చూసుకుని, అద్దంలో చూసి, బండి పక్కకు తిప్పడం మొదలుపెట్టాడు. అద్దంలో ఏమీ లేదు. అద్దానికి అందని చోట, లారీ పక్కటెముకలకు ఆనుకున్నంత దగ్గరగా, ఒక మోటార్‌సైకిల్ ఉంది. దాని మీదవాడు హారన్ మీద చెయ్యి తీయకుండా కొడుతున్నాడు. వెనకాల కూర్చున్నావిడ లారీ రేకు మీద అరచేత్తో బాదుతోంది.

మేస్త్రి ఎగిరి స్టీరింగ్ పట్టుకుని రోడ్డు వైపు తిప్పాడు. బండి ఒక ఊపు ఊగి నిలదొక్కుకుంది. మోటార్‌సైకిల్ మట్టిలోకి దిగి, జారి, తేరుకుని, ముందుకు వచ్చింది. మనిషి ఆగి వెనక్కి తిరిగి తిట్టాడు. ఆ తిట్లు అతని పెదవుల మీద రేడియో అక్షరం పొల్లుపోకుండా చదివాడు. వెనకావిడ తిట్టలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చుంది. తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు.

లారీ పక్కకు తీసి ఆపాడు రేడియో. ఇంజన్ ఆపలేదు, వేడి మీద ఉన్న ఇంజన్ని ఉన్నపళంగా ఆపకూడదు, ఆ సంగతి చెయ్యి మర్చిపోలేదు. హ్యాండ్‌బ్రేక్ వేశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎంతసేపట్నుంచి కొడుతున్నాడు?" అని అడిగాడు.

"కింది మలుపు నుంచి" అన్నాడు మేస్త్రి.

మేస్త్రికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. బావ మీదా, అక్క మీదా, పంపు మార్చిన తన మీదా. అరవాలని నోరు తెరిచాడు. అరిచినా వినపడదు కదా అని తట్టి, సంచీ తీసుకుని దిగాడు.

మేస్త్రి చేసే పని చేతికి తెలుసు కాబట్టి అది ముందు చేశాడు. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాడు. పాత వార్తాపత్రిక ఒకటి తీసి, ముందు గ్రిల్ మీద ఆనించి వదిలాడు. ఫ్యాను పట్టుకుని ఉంటే కాగితాన్ని లోపలికి లాక్కుని గ్రిల్‌కి అతికించుకోవాలి. కాగితం జారి కాళ్ళ మీద పడింది. ఇంకోసారి పెట్టాడు. మళ్ళీ పడింది. ఇంజన్ ఉడికిపోతోంది, ఫ్యాను మాత్రం సోమరిగా తిరుగుతోంది.

"షెడ్డులో తిరిగావు, ఇక్కడ తిరగవా?" అన్నాడు ఫ్యానుతో. ఎవరో ఒకరితో మాట్లాడాలి కదా.

వైరు చూడాలంటే క్యాబిన్ ఎత్తాలి. రేడియోను దిగమని సైగ చేశాడు. లివర్ పెట్టి క్యాబిన్ ఎత్తే పంపు కొట్టడం మొదలుపెట్టాడు. క్యాబిన్ ముక్కు కిందకి వంచి మెల్లగా లేచింది. లోపల దుప్పటీ, నీళ్ళ సీసాలు, చెప్పులు, ఎన్నాళ్ళనాటివో వేరుశెనగ తొక్కలు అన్నీ ముందు అద్దం మీదకి దొర్లాయి. అన్నం క్యారేజీని రేడియో ముందే దించుకుని చేత్తో పట్టుకున్నాడు.

క్యాబిన్ సగం లేచిందో లేదో, ఫ్యాను టక్కున పట్టుకుంది. కింద పడి ఉన్న వార్తాపత్రిక లేచి గ్రిల్‌కి అతుక్కుంది. రేడియో చొక్కా రెపరెపలాడింది.

మేస్త్రి పంపు వదిలేసి నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత క్యాబిన్ దించాడు. సగం దిగేసరికి ఫ్యాను సోమరైపోయింది. మళ్ళీ ఎత్తాడు, పట్టుకుంది. దించాడు, వదిలేసింది. ఆ కొండ మీద అది ఎత్తడం దించడం చూసినవాళ్ళు ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకునేవాళ్ళు.

సంగతి తెలిసిపోయింది. ఏ మేస్త్రి అయినా ఇంజన్ చూడాలంటే క్యాబిన్ ఎత్తి చూస్తాడు. ఎత్తకుండా ఎలా చూస్తాడు? క్యాబిన్ దించి ఉన్నప్పుడు ఫ్యాను ఎలా ఉంటుందో షెడ్డులో ఎవడూ చూడలేదు, చూడలేడు. దించి ఉన్నప్పుడు దాన్ని వినాలి. వినాల్సినవాడు బావ.

క్యాబిన్ ఎత్తి, కడ్డీ ఆనించి, ఇంజన్ ఆపి, కింద దూరి వెతికాడు. ఎక్కువసేపు పట్టలేదు. క్యాబిన్ కింద రబ్బరు దిమ్మలు అరిగిపోతే అంతకుముందు ఎప్పుడో మార్చారు. మార్చినప్పుడు వైర్ల కట్టను బ్రాకెట్‌కి లోపలి వైపు కట్టాల్సింది పోయి బయటి వైపు కట్టారు. క్యాబిన్ దిగినప్పుడల్లా బ్రాకెట్ ఫ్యాను వైరు మీద కూర్చుని మెలిపెడుతోంది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయి ఉంది. క్యాబిన్ లేస్తే మెలి సడలి ముక్కలు రెండూ తాకుతున్నాయి, దిగితే విడిపోతున్నాయి.

"ఎవడ్రా ఈ వెధవ పని చేసింది" అన్నాడు మేస్త్రి, అలవాటుగా. కట్టిన ప్లాస్టిక్ క్లిప్పు చూశాడు. కొస కత్తిరించకుండా వెనక్కి మడిచి దూర్చి ఉంది. ఆ మడత ఈ షెడ్లన్నిట్లో ఒక్కడిదే. అతనిదే.

బయటికి వచ్చి రేడియో ఎదురుగా నిలబడ్డాడు. "ఇది నా పని బావా. ఈ క్లిప్పు నేనే పెట్టాను. ఇన్నాళ్ళూ నా మూలంగా నువ్వు మాటలు పడ్డావు."

రేడియో తలూపాడు. ఆ మాటతో సంతోషం రావాలి, రాలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్న ఆవిడే కళ్ళ ముందు ఉంది.

మేస్త్రి క్లిప్పు కోసి, తెగిన ముక్క తీసేసి, కొత్త వైరు ముక్క కలిపి, టేపు చుట్టి, బ్రాకెట్‌కి లోపలి వైపు కట్టాడు. క్యాబిన్ దించాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఈసారి వార్తాపత్రిక గ్రిల్‌కి అతుక్కుంది. ముల్లు నెమ్మదిగా వెనక్కి వచ్చింది. చేతులు కడుక్కుంటుంటే ఫోన్ వచ్చింది. ఓనరమ్మ.

మేస్త్రి ఫోన్ ఎత్తి రెండు అడుగులు పక్కకు వేశాడు. రేడియోకి వీపు మాత్రమే కనపడుతోంది. పెదవులు లేవు, మాటలు లేవు. వీపు మీద చెమట మరక ఉంది. ఆ మరకను చూస్తూ నిలబడ్డాడు. నిజానికి మేస్త్రి అంటున్నది ఇదీ: తప్పు దొరికిందమ్మా, వైరు, కట్టింది నేనే, బావ నడపడంలో ఏ లోపమూ లేదు, ఆయన మీద మాట రానివ్వకండి. చెవుల ఊసు ఎత్తలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ ఒక్క గింజనీ పంటి కింద బిగబట్టుకున్నాడు.

తిరిగి వచ్చి ఫోన్ చేతికిచ్చాడు. "అంతా చెప్పాను. బండి నీదే. నీతో ఓ మాట అంటానంటోంది" అన్నాడు ఎదురుగా నిలబడి. నెమ్మదిగా, పెదవులు బాగా కదిపి అన్నాడు. ఆ నెమ్మదికి రేడియోకి సిగ్గేసింది.

ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఊఁ, ఆఁ, అలాగేనమ్మా అంటే చాలు. ఇన్నాళ్ళూ చేసింది అదే. ఓనరమ్మ సారీ చెబుతోందేమో, ఇంకో లోడు చెబుతోందేమో. బండి తనదే. బావమరిది నోరు విప్పడు, పెళ్ళాం నోరు విప్పదు. ఇంకొన్నాళ్ళు నడుపుకోవచ్చు, అద్దాలున్నాయి, కళ్ళున్నాయి.

ఆ మోటార్‌సైకిల్ అద్దంలో లేదు.

"అమ్మా, నేనో మాట చెప్పాలి" అన్నాడు. "నాకు చెవులు వినపడట్లేదు. ఫ్యాను మోగిందని ఇన్నిసార్లూ అబద్ధం చెప్పాను. ఇందాక ఒక మోటార్‌సైకిల్‌ని తొక్కేయబోయాను, పక్కన వీడు లేకపోతే ఇద్దరు పోయేవాళ్ళు. మీరిప్పుడు ఏమంటున్నారో కూడా నాకు తెలియదు. ఫోన్ వీడికిస్తున్నాను. మీరు వీడితో చెప్పండి, వీడు నాకు చెబుతాడు."

మేస్త్రి ఫోన్ తీసుకోడానికి చెయ్యి చాపలేదు. రేడియోనే అతని చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

ఈసారి మేస్త్రి అటు తిరగలేదు. రేడియోకి ఎదురుగానే నిలబడి విన్నాడు. ఆఁ అన్నాడు. లేదమ్మా అన్నాడు. చివర్లో అలాగేనమ్మా అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏమంది?"

"ముందు తిట్టింది."

"ఏమని? దాచకు."

"వాళ్ళు చచ్చి ఉంటే వాళ్ళ పిల్లలకు ఏం చెప్పేవాడని అడిగింది." మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ్టి నుంచి స్టీరింగ్ ముట్టుకోవద్దంది. డాక్టర్‌కి చూపించుకుని, చెవి మిషన్ పెట్టుకుని, లైసెన్సువాళ్ళ పరీక్ష దాటి వస్తే అప్పుడు చూద్దామంది."

"దాటకపోతే?"

"అది చెప్పలేదు."

"అప్పటిదాకా బండి?"

"ఇంకొకరికి ఇస్తుందిట. ఈ లోడు దించేదాకా నన్ను నడపమంది."

రేడియో తలూపాడు. తాళం తీసి ఇచ్చాడు. ఇచ్చాక ఏడుపొచ్చింది. రోడ్డు పక్కన, బావమరిది ముందు, సిగ్గు పడకుండా ఏడ్చాడు. మేస్త్రి ఓదార్చలేదు. అతనికీ అదే పని పట్టింది.

తర్వాత చక్రాల కింద దిమ్మలు తీసేశారు. రేడియో లారీ ముందు నుంచి చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆ సీటు ఎత్తు, ఆ బెల్టు కొక్కెం, ఆ వైపు నుంచి కనిపించే రోడ్డు, ఏదీ అతనికి అలవాటు లేదు. కాళ్ళు బ్రేకు కోసం వెతికాయి. అక్కడ అన్నం క్యారేజీ ఉంది.

మేస్త్రి గేరు వేశాడు. కాస్త మొరటుగా వేశాడు. బండి ఎత్తెక్కుతోంది. రేడియో ఏ కబురూ ఎత్తుకోలేదు. ముల్లు పైకి పోయింది, ఫ్యాను పట్టుకోవాల్సిన చోటికి వచ్చింది. అతను ముందున్న పలక మీద అరచెయ్యి ఆనించాడు. ఏదో వణుకుతోంది. ఫ్యాను గాలో, ఇంజనో, తన చెయ్యో అతనికి తెలియలేదు. ఇదివరకైతే మోగుతోందనేవాడు.

బావమరిది మొహం వైపు తిరిగి, "మోగుతోందా?" అని అడిగాడు.